స్పోర్ట్స్ మసాజ్, ఫోమ్ రోలర్, మసాజ్ గన్, చన్నీళ్ల తొట్టి: ఏ నొప్పికి ఏది, ఎప్పుడు

రేపు పోటీ ఉన్నవాళ్లకు పనికొచ్చే మర్దన వేరు, నిన్న పోటీ ముగించినవాళ్లకు కావాల్సింది వేరు. ఆరు వారాలుగా పిక్కలో ఒకేచోట సలుపుతున్నవాళ్లకు ఆ రెండూ చాలవు. థెరపిస్టు దగ్గరికి వెళ్లాలా, ఫోమ్ రోలర్‌తో (కండరం కింద పెట్టుకుని దొర్లే గుండ్రటి నురగ దిండు) సరిపెట్టుకోవచ్చా, మసాజ్ గన్ (కండరాన్ని వేగంగా కొట్టే చేతి యంత్రం) కొనాలా అని ఆలోచించే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. నొప్పి ఏ రకానిది? తర్వాతి గట్టి సాధనకో పోటీకో ఎంత వ్యవధి ఉంది? ఇవి తేలకపోతే మంచి పరికరం కొన్నా, చెయ్యి తిరిగిన థెరపిస్టు దొరికినా ఫలితం అంతంతమాత్రమే.

మర్దన వల్ల ఒరిగేది ఏమిటి

కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని మర్దన బయటికి తోసేస్తుందన్న మాట జిమ్‌లలో, మైదానాల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఇది నిజం కాదు. తీవ్రమైన వ్యాయామంతో రక్తంలో పెరిగిన లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం) ఎవరూ చెయ్యి వేయకుండానే సుమారు గంటలో మామూలు స్థాయికి దిగిపోతుంది. 2010లో కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముంజేతి కండరాల మీద పరీక్షించినప్పుడైతే, వ్యాయామం ఆపిన వెంటనే చేసిన మర్దన రక్త ప్రవాహానికి అడ్డుపడి లాక్టేట్ తొలగడాన్ని ఆలస్యం చేసింది.

మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేయడానికి కారణం వేరే ఉంది. కండరం సాగుతూనే బరువు మోయాల్సి వచ్చినప్పుడు, అంటే వాలులో కిందికి పరిగెత్తినప్పుడు, బరువును మెల్లగా దించినప్పుడు, దాని పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. వాటిని బాగుచేసుకునే క్రమంలో శరీరం తెచ్చుకునే వాపు వల్ల ఆ నొప్పి పుడుతుంది. 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, 24 నుంచి 72 గంటల మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది, వారంలోపు దానంతటదే పోతుంది. మర్దన ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ నొప్పికే.

2012లో కెనడాలోనే మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 11 మంది యువకులతో అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే 10 నిమిషాలు మర్దన చేయించి, రెండు కాళ్ల కండరాల నుంచీ నమూనాలు తీసి చూసింది. మర్దన చేసిన కాలిలో వాపును రేపే సంకేతాలు తగ్గాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుదలకు తోడ్పడే సంకేతాలు పెరిగాయి. లాక్టేట్‌లో తేడా ఏమీ లేదు. 2020లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ బృందం 29 అధ్యయనాలను కలిపి పరిశీలిస్తే వేగం, బలం, గెంతే ఎత్తు, దమ్ము వీటిలో మర్దన వల్ల మెరుగుదల కనిపించలేదు. ఒళ్లు వంగే గుణం కొద్దిగా పెరిగింది, నొప్పి కొద్దిగా తగ్గింది.

కాబట్టి పోటీలో సమయం తగ్గించుకోవడానికి మర్దన చేయించుకుంటామంటే వద్దని చెప్పాలి. నొప్పి తగ్గడానికైతే తప్పకుండా చేయించుకోవచ్చు, అది చిన్న లాభమేం కాదు. తొడ పట్టేసినవాళ్లు తెలియకుండానే నడక మార్చుకుని రెండో కాలి మీద భారం వేస్తారు, కొత్త గాయాలు కొన్ని అలాగే మొదలవుతాయి. నొప్పి తగ్గితే నడక సరిగ్గా ఉంటుంది, రాత్రి నిద్ర బాగా పడుతుంది. కండరం కోలుకునేది ప్రధానంగా నిద్రలోనే గనుక, రోజూ ఐదారు గంటలే పడుకునేవాళ్లు ఆ నిద్ర పెంచుకోకుండా మర్దనకు సమయం కేటాయించడం సరైన బేరం కాదు.

చేతి మర్దనలో ఏది

స్పోర్ట్స్ మసాజ్ అంటే ప్రాణం పోయేలా నొక్కడమని చాలామంది అనుకుంటారు. తేలిగ్గా చేసే స్పోర్ట్స్ మసాజ్ కూడా ఉంది, పోటీ రోజున చేసేది అదే. విశ్రాంతి కోసం చేసే మర్దన ఒళ్లంతా ఒకే లయలో సాగిపోతుంది. స్పోర్ట్స్ మసాజ్‌లో మీరు ఏ ఆట ఆడతారు, ఈ వారం ఎంత సాధన చేశారు, మళ్లీ ఎప్పుడు దిగాలి అన్నది కనుక్కుని ఒకటి రెండు భాగాల మీదే ఎక్కువసేపు పనిచేస్తారు. గంట సెషన్‌లో నలభై నిమిషాలు కాళ్లకే పోయినా ఆశ్చర్యం లేదు. డీప్ టిష్యూ మసాజ్ లోపలి పొరల మీద నెమ్మదిగా, బరువుగా సాగుతుంది. తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పిగా ఉండొచ్చు, అందుకే అది సాధన తేలిగ్గా ఉన్న వారంలో మాత్రమే.

చేసే పద్ధతికి ఏ పేరు పెట్టినా చేతి పనులు దాదాపు ఐదే. మొదటిది నిమరడం: అరచేయి మొత్తం ఆనించి, గుండె వైపుగా, పొడవుగా. మొదలుపెట్టేదీ ముగించేదీ దీనితోనే. రెండోది పిసకడం, కండరాన్ని ఎముక మీది నుంచి కాస్త ఎత్తి పట్టి పిండడం. పిక్కలకు, తొడలకు బాగా నప్పుతుంది. మూడోది గట్టిపడిన చిన్న జాగాలో వేలి కొసతో పోగులకు అడ్డంగా రుద్దడం. నాలుగోది నొక్కి పట్టడం. ముడిలా తగిలే చోట బొటనవేలితో నొక్కి 30 నుంచి 60 సెకన్లు అలాగే ఉంచితే నొప్పి సగానికి సగం తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే చెయ్యి తీసేయాలి. చివరిది తట్టడం, ఇది పోటీకి ముందు ఒళ్లు చురుకెక్కడానికే తప్ప మిగతా వేళల్లో పెద్దగా పనికిరాదు.

నూనె తక్కువ వాడాలి. ఒక పిక్కకు అర చెంచా చాలు. ఎక్కువైతే వేళ్లు జారతాయి, పట్టు దొరక్క ఇంకా గట్టిగా నొక్కాల్సి వస్తుంది, చర్మం కమిలేది అప్పుడే. అడ్డంగా రుద్దేటప్పుడైతే నూనె తుడిచేసి చేయడమే మేలు.

ఎంత నొక్కాలన్నదానికి సున్నా నుంచి పది దాకా ఒక కొలత పెట్టుకోండి. ఐదు ఆరు దగ్గర, అంటే నొప్పిగా ఉన్నా ఊపిరి మామూలుగా ఆడే చోట ఆగాలి. ఊపిరి బిగబట్టడం, దవడ బిగించడం, కాలి వేళ్లు ముడుచుకోవడం మొదలైతే కండరం తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటోందని అర్థం. ఆ స్థితిలో ఎంత నొక్కినా ఒరిగేదేమీ ఉండదు. మర్నాడు నల్లగా కమిలిన మచ్చలు కనిపిస్తే బాగా పనిచేసిందని సంబరపడేవాళ్లున్నారు. ఆ మచ్చలు చర్మం కింద చిన్న రక్తనాళాలు చిట్లిన గుర్తులు, అంతకన్నా ఏమీ లేదు.

రోలర్, బంతి, గన్

సాధనకు ముందూ తర్వాతా రోజూ పది నిమిషాలు పెట్టగలిగితే, ఆరోగ్యంగా ఉన్న చాలామందికి ఫోమ్ రోలర్ చాలు. సాధనకు ముందు చేస్తే కీళ్లు కాసేపు కొద్దిగా ఎక్కువ వంగుతాయి, తర్వాత చేస్తే మర్నాటి నొప్పి కొంత తగ్గుతుంది. ఆ వంగే గుణం నిమిషాల లెక్కలోనే నిలుస్తుంది కాబట్టి రోలర్ తర్వాత వెంటనే వార్మప్‌కు వెళ్లాలి, కూర్చుని ఫోన్ చూసుకుంటే చేసినదంతా వృథా.

కొత్తవాళ్లు బుడిపెలున్న గట్టి రోలర్ జోలికి పోకుండా నున్నగా, మధ్యస్థంగా మెత్తగా ఉన్నది తీసుకోవాలి. ఒక్కో కండరానికి 60 నుంచి 90 సెకన్లు, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల వేగం. ఎక్కువమంది చేసే తప్పు వేగమే. ముందుకూ వెనక్కీ గబగబా దొర్లితే కండరానికి వదులయ్యే వ్యవధే ఉండదు. నొప్పి తగిలిన చోట ఆగి, 20 నుంచి 30 సెకన్లు ఊపిరి పీల్చి వదులుతూ ఉండి, అప్పుడు ముందుకు కదలాలి. మోకాలి వెనక గుంట మీద, నడుము దగ్గర వెన్నుపూస మీద రోలర్ వద్దు.

తొడ బయటి వైపు తుంటి నుంచి మోకాలి దాకా దిగే దళసరి పట్టీ ఉంటుంది, ఐటీ బ్యాండ్ అంటారు. పరుగు తీసేవాళ్లు మోకాలి బయటి పక్క నొప్పి వస్తే పళ్లు బిగబట్టి దాన్నే రోలర్ మీద రుద్దుతుంటారు. అది కండరం కాదు, చాలా గట్టి కణజాలం, రోలర్ బరువుకు సాగదు. పైగా మోకాలి దగ్గర ఇప్పటికే చిరాకుపడి ఉన్న చోటును ఇంకా నలిపినట్టవుతుంది. ఆ పట్టీని లాగి ఉంచేవి పిరుదు కండరాలు, తుంటి ముందు పక్కన ఉండే చిన్న కండరం. రోలర్‌నో బంతినో పెట్టాల్సింది అక్కడ. ఈ ఒక్క మార్పుతో చాలామందికి ఉపశమనం మొదలవుతుంది, దాంతోపాటు పిరుదు కండరాలకు బలం పెంచే వ్యాయామాలు చేస్తేనే అది నిలుస్తుంది.

అరికాలికి, పిరుదు లోతుకు, ఛాతీ పక్కకు టెన్నిస్ బంతి రోలర్ కన్నా మేలు. చవకైనదీ ఇదే, సంచిలో ఎక్కడికైనా పట్టుకెళ్లేదీ ఇదే.

మసాజ్ గన్‌లో సుఖం ఉంది, ప్రమాదమూ ఉంది. నేల మీద పడుకోలేని చోట, ప్రయాణంలో, ఆట మధ్య విరామంలో ఇది బాగా పనికొస్తుంది. అది కొట్టే దెబ్బలు నిమిషానికి వెయ్యి నుంచి మూడు వేల దాకా ఉంటాయి. కొనేటప్పుడు ఎక్కువ వేగమున్నది మంచిదనుకుంటారు గానీ, చూడాల్సింది తల ఎంత లోతుకు వెళ్లి వస్తుందన్నది. మామూలు వాడకానికి 8 నుంచి 10 మిల్లీమీటర్లు చాలు. దాదాపు 12 మిల్లీమీటర్లు దాటినవి పెద్ద తొడలు, పిరుదులు ఉన్న బరువెత్తేవాళ్లకే, సన్నగా ఉన్నవాళ్లకు ఎముక తగులుతుంది.

వాడే తీరు: గుండ్రటి మెత్తటి తల, అన్నిటికన్నా తక్కువ వేగం, చోటుకు ఒకటి నుంచి రెండు నిమిషాలు, గన్ బరువే ఆనేలా వదిలి పైనుంచి ఒత్తకుండా. మెడ ముందు, పక్క భాగాలు, చంక, గజ్జ, మోకాలి వెనక గుంట, వెన్నెముక, మోకాలి చిప్ప లాంటి ఎముక పైకి తేలిన చోట్లు వదిలేయాలి. మెడలో మెదడుకు వెళ్లే రక్తనాళాలున్నాయి, వాటి దగ్గర దెబ్బలు ఏ వేగంలోనూ క్షేమం కాదు. అలసిపోయిన కండరం మీద గన్ వాడాక కండర కణాలు విచ్ఛిన్నమైపోయే రాబ్డోమయోలైసిస్ వచ్చిన ఉదంతం 2021లో వైద్య పత్రికలో నమోదైంది. అది చాలా అరుదు, అయినా గన్ వాడాక తీవ్రమైన నొప్పీ వాపూ ఉండి మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మూత్రపిండాలకు ముప్పు ఉన్నట్టే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఏ పరికరమూ చేయలేని పని ఒకటుంది. భుజం రెక్కల మధ్య, తుంటి లోతున చెయ్యి అందకపోవడం అందులో చిన్న భాగమే. ఎక్కడ నొప్పి ఉందో అక్కడే తప్పు లేదని గుర్తుపట్టగలిగేది అనుభవమున్న థెరపిస్టు వేళ్లే. పిక్క నొప్పి అని వెళ్తే పాదం కదలిక చూసి చీలమండ బిగుసుకుపోయిందని చెప్పగలరు. మూడు నాలుగు వారాలుగా రోలర్‌తో తగ్గని బిగుసుతనానికి డబ్బు పెట్టాల్సింది అక్కడ, ఇంకో పరికరం మీద కాదు.

చన్నీళ్లు, సాగదీత, తేలిక కదలిక

చన్నీళ్ల తొట్టిలో 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో 10 నుంచి 15 నిమిషాలు కూర్చుంటే నొప్పి తగ్గుతుంది. వరసగా రెండు మూడు రోజులు మ్యాచ్‌లున్నప్పుడు మర్దన కన్నా ఇదే నయం, ఎందుకంటే ఎవరి చేతి నైపుణ్యం మీదా ఆధారపడదు. కండ పెంచుకునే దశలో మాత్రం ప్రతి బరువుల సాధన తర్వాతా చన్నీళ్లలో దిగొద్దు. 2015లో వచ్చిన 12 వారాల అధ్యయనంలో అలా చేసినవాళ్లకు, తేలికగా సైకిల్ తొక్కి ముగించినవాళ్లకన్నా కండా బలమూ తక్కువ పెరిగాయి. మర్దనకు ఇలాంటి నష్టం కనిపించలేదు, అందుకే బరువులెత్తేవాళ్లు మర్దనను ఎంచుకోవడం తెలివైన పని.

సాగదీసే వ్యాయామాలు మర్నాటి నొప్పిని చెప్పుకోదగ్గంతగా తగ్గించవు. కీళ్లు ఎక్కువ వంగడానికి వాటి ఉపయోగం వాటికుంది, నొప్పి కోసమైతే ఆశ పెట్టుకోవద్దు. లాక్టేట్ తొందరగా దిగాలంటే, అంటే ఒకే రోజు రెండు ఈవెంట్లు ఉంటే, మధ్యలో 10 నుంచి 15 నిమిషాలు తేలిగ్గా జాగింగ్ చేయడమో సైకిల్ తొక్కడమో అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఇక్కడ మర్దన బల్ల మీద పడుకోవడం నష్టమే.

పోటీకి ఎన్ని రోజులుంది

గట్టి మర్దన చేయించుకోవాలంటే పోటీకి కనీసం మూడు రోజుల ముందు ముగించాలి. మొదటిసారి చేయించుకునేవాళ్లయితే వారం ముందు. ఒళ్లు ఎలా తీసుకుంటుందో తెలియదు కదా. పోటీ రోజున వార్మప్‌కు ముందు 10 నుంచి 15 నిమిషాలు వేగంగా, తేలిగ్గా నిమరడం, తట్టడం సరిపోతాయి. ఆ రోజు అరగంట సేపు నెమ్మదిగా చేయించుకుంటే ఒళ్లు మత్తెక్కి, మొదటి పరుగులో కాళ్లు కదలవు. మర్దన వార్మప్‌కు బదులు కాదు.

పోటీ అయ్యాక ముందు ఒళ్లు చల్లబడాలి, నీళ్లు తాగాలి, గుండె వేగం తగ్గాలి. ఆ తర్వాత రెండు గంటల లోపు 10 నుంచి 20 నిమిషాలు తేలికపాటి మర్దన హాయిగా ఉంటుంది. వణుకు, తలతిరుగుడు, అయోమయం ఉన్నవాళ్లను బల్ల ఎక్కించకూడదు, వాళ్లకు కావాల్సింది వైద్యుడు. మారథాన్ లాంటి పొడవైన పరుగు తర్వాత లోతైన మర్దనకు 48 నుంచి 72 గంటలు ఆగాలి, ఈలోగా దెబ్బతిన్న పోగుల మీద గట్టిగా నొక్కితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. మామూలు రోజుల్లో, వారానికి నాలుగైదు సాధనలున్నవాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి చాలు. వారానికి రెండు సాధనలే ఉన్నవాళ్లకు రోలర్‌తో సరి.

సొంతంగా పిక్క మర్దన

కుర్చీలో కూర్చుని, ఒక కాలి చీలమండను రెండో తొడ మీద పెట్టుకోండి. పిక్క పూర్తిగా వదులుగా ఉండాలి, పాదం వేలాడుతూ ఉంటే వదులైనట్టు. చీలమండ నుంచి మోకాలి కింది దాకా రెండు చేతులతో పది సార్లు నిమరండి. తర్వాత కండరాన్ని రెండు బొటనవేళ్లకూ మిగతా వేళ్లకూ మధ్య పట్టి, కింది నుంచి పైకి రెండు నిమిషాలు పిసకండి. ముడి తగిలితే నొక్కి పట్టి, పాదాన్ని మెల్లగా పైకీ కిందికీ పది సార్లు ఆడించండి. ఊరికే నొక్కడం కన్నా కదలిక కలిపితే చాలామందికి తొందరగా వదులవుతుంది. చివర మళ్లీ నిమిరి, లేచి నిలబడి నెమ్మదిగా పది సార్లు మునివేళ్ల మీద లేవండి. కాలికి ఐదు నిమిషాలు మించదు. మడమ పైనుండే గట్టి టెండన్‌ను (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే పట్టీ) మాత్రం నలపకండి. అక్కడ పొద్దున లేవగానే పట్టేసినట్టుండి, నడిస్తే సర్దుకునే నొప్పికి మందు వారాల తరబడి క్రమంగా పెంచే బలం వ్యాయామాలు.

చెయ్యి వేయకూడని వేళలు

కండరం చటుక్కున పట్టి, వాచి, కమిలితే అది చిరిగినట్టు లెక్క, మొదటి 48 నుంచి 72 గంటలు ఆ చోట మర్దన వద్దు. తొడకు గట్టి దెబ్బ తగిలి లోపల రక్తం గూడుకట్టినప్పుడు మరీ జాగ్రత్త. దాన్ని నలిపితే కండరంలో ఎముక లాంటి గట్టి పదార్థం ఏర్పడే ప్రమాదం ఉంది. కాలి ముందెముక మీద వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి, గెంతితే పెరిగేది, ఎముకలో సన్నటి పగులు కావచ్చు. అలాంటి నొప్పి ఉంటే స్కాన్ కావాలి.

పోటీ ముగించుకుని గంటల తరబడి ప్రయాణం చేసినవాళ్లకు ఒకే పిక్క వాచి, వెచ్చగా, ఎర్రగా మారి నొప్పి పెడితే అది లోపలి సిరలో రక్తపు గడ్డ కావచ్చు. పట్టేసిందనుకుని రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరగలదు. ఆ కాలిని ముట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. జ్వరం, చర్మ వ్యాధి, మానని పుండు ఉన్నప్పుడు మర్దన వాయిదా వేయాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, గర్భవతులు డాక్టరును అడిగే ముందుకెళ్లాలి.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు

మంచి థెరపిస్టు బల్ల మీద పడుకోమనే ముందు కనీసం ఐదు నిమిషాలు ప్రశ్నలు వేస్తారు: పాత గాయాలు, మందులు, ఈ వారం సాధన, తర్వాతి పోటీ తేదీ. కీలు కదిలించి చూసి మొదలుపెడతారు, ముగిశాక అదే కదలిక మళ్లీ చూసి తేడా చెబుతారు. ఒత్తిడి ఎలా ఉందని మధ్యలో అడుగుతారు. విషాలు బయటికి పోతాయని చెప్పేవాళ్లను, మొదటి రోజే పది సెషన్ల ప్యాకేజీ అంటగట్టేవాళ్లను వదిలేయండి.

రెండు మూడు సెషన్లలో నొప్పిలో గానీ కదలికలో గానీ మార్పు రాకపోతే మర్దన ఆపి ఫిజియోథెరపిస్టును కలవాలి. వెళ్లేటప్పుడు నొప్పి ఏ కదలికతో వస్తుంది, రాత్రి నిద్ర లేపుతోందా, తిమ్మిరి కాలి వేళ్ల దాకా పాకుతోందా, మర్దన తర్వాత ఎన్ని గంటలు తగ్గి మళ్లీ వచ్చింది అన్నవి కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. తిమ్మిరి పాకుతుంటే అనుమానం నరం మీదికి పోతుంది. రాత్రి కదలకుండా పడుకున్నా నొప్పి ఉంటే ముందు డాక్టరు పరీక్ష చేయాల్సిందే.